సద్దుల బతుకమ్మ నాడు పక్కకు ఊగిన ఫుట్‌బ్రిడ్జి: ఒక కేస్ స్టడీ

సద్దుల బతుకమ్మ తెల్లారి పొద్దున ఏడింటికే ఫోన్ మోగింది. హన్మకొండలో నాలా ఒడ్డున ఉన్న ఒక కాలనీ పెద్దమనిషి. "సారూ, మా ఇనుప బ్రిడ్జి నిన్న రాత్రి ఊగింది. ఆడోళ్ళు బతుకమ్మలు ఎత్తుకొని చెరువుకు పోతుంటే మధ్యల ఊగింది. భయపడి మొత్తుకున్నరు. జర వచ్చి చూడుండ్రి" అన్నాడు. కిందికీ పైకీ ఊగిందా, పక్కకు ఊగిందా అని అడిగాను. "పక్కకే సారూ, ఊయల లెక్క." నోట్‌బుక్‌లో 'పక్కకు' అని రాసుకొని దాని కింద రెండు గీతలు గీసి బయల్దేరాను.

నేను ఇరవై ఏళ్ళకు పైగా స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఇళ్ళు, షెడ్లు, ట్యాంకులు, చిన్న చిన్న వంతెనలు చూస్తుంటాను. పక్కకు ఊగే ఫుట్‌బ్రిడ్జి గురించి చదివాను, లెక్కలు వేశాను కానీ చేతికి రావడం అదే మొదలు. నాలాల మీద ఇలాంటి ఇనుప వంతెనలు మన ఊళ్ళల్లో చాలానే ఉన్నాయి కాబట్టి, చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు రాస్తున్నాను.

ముందు వంతెన సంగతి. స్పాన్, అంటే ఒక ఆసరా నుంచి ఇంకో ఆసరాకు దూరం, 30 మీటర్లు, మధ్యలో పిల్లరు లేదు. నాలాలో పిల్లరు వేస్తే వరదకు చెత్తంతా దానికే తట్టుకుంటుంది. 2020 ఆగస్టు, 2023 జూలై వానలను వరంగల్‌లో చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెండు వైపులా ట్రస్సులు (ఇనుప కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రాలు), వాటి మధ్య దూరం 2.4 మీటర్లు, నడవడానికి మిగిలేది 2 మీటర్లు. ప్రతి 3 మీటర్లకు ఒక అడ్డ దూలం. దూలాల మీద 75 మిల్లీమీటర్ల ప్రీకాస్ట్ కాంక్రీటు పలకలు పరిచి సందుల్లో సిమెంటు నింపారు. ఇనుము, పలకలు, రెయిలింగు అన్నీ కలిపితే బరువు దాదాపు 24 టన్నులు.

నేను వెళ్ళేసరికి ఇంకా ముగ్గులు చెరిగిపోలేదు. వంతెన మీద తంగేడు, బంతి రేకులు రాలి ఉన్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి జరిగింది చెప్పారు. ఒకామె మాట నాకు బాగా పనికొచ్చింది. "తలమీద బతుకమ్మను రెండు చేతుల్తో పట్టుకొని నడుస్తున్న సారూ. నా ముందు పోతున్నామె బతుకమ్మ మీద గునుగు పూలు అటూ ఇటూ ఊగుతున్నయ్. నాకే కండ్లు తిరుగుతున్నయేమో అనుకున్న. అందరి పూలూ ఒక్కతీరే ఊగుతుంటే అప్పుడు సమజైంది." ఇంకో పెద్దావిడ, "పడిపోతమని కాళ్ళు ఎడంగా వేసి నడిచినం బిడ్డా, అట్ల నడిచిన కొద్దీ ఇంకా ఊగింది" అంది. ఆ సమయంలో వంతెన మీద అరవై డెబ్భై మంది ఉంటారట.

ఆ పెద్దావిడ చెప్పింది ఇంజనీరింగ్ ప్రపంచానికి పెద్ద ఎత్తున అర్థమైంది 2000 సంవత్సరంలోనే. ఆ ఏడాది జూన్ 10న లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం బ్రిడ్జిని జనానికి తెరిచారు. అరప్ సంస్థ ఇంజనీర్లు, ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్ సంస్థ, శిల్పి ఆంథోనీ కారో కలిసి రూపొందించిన నడక వంతెన అది. నడిమి స్పాన్ 144 మీటర్లు. కేబుళ్ళు మామూలు సస్పెన్షన్ వంతెనలో లాగా పైనుంచి లోతుగా వేలాడవు, 144 మీటర్లకు కేవలం 2.3 మీటర్ల వాలుతో పక్కలనుంచి సాగుతాయి. మొదటి రోజు ఎనభై వేల నుంచి లక్ష మంది దాటారని అంచనా. ఒకేసారి రెండు వేల మంది దాకా మీద ఉన్నప్పుడు నడిమి స్పాన్ పక్కకు 70 మిల్లీమీటర్ల దాకా ఊగింది. జనం రెయిలింగు పట్టుకొని నిలబడ్డారు. జూన్ 12న మూసేశారు. మళ్ళీ తెరిచింది 2002 ఫిబ్రవరి 22న.

ఎందుకు ఊగింది? మనిషి నడుస్తుంటే సెకనుకు సుమారు రెండు అడుగులు పడతాయి. ప్రతి అడుగూ నేలను కిందికి తొక్కుతుంది. అది అందరికీ తెలుసు, అన్ని డిజైన్లలోనూ చూస్తారు. కానీ కుడి అడుగు నేలను కొంచెం కుడికి, ఎడమ అడుగు కొంచెం ఎడమకు నెడుతుంది. అంటే పక్క తోపు సెకనుకు ఒక్కసారి అటూ ఇటూ తిరుగుతుంది. ఆ తోపు చాలా చిన్నది, మనిషికి 25 న్యూటన్ల చొప్పున, అంటే రెండున్నర కిలోల బరువంత. నేల కదలకపోతే ఎవరి అడుగులు వాళ్ళవి, ఒకరి తోపును ఇంకొకరి తోపు కొట్టేస్తుంది. వంతెన పక్క ఊపు ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది, కూడా ఒకటికి దగ్గరగా ఉండి, అది కాస్త కదలడం మొదలుపెడితే కథ మారుతుంది. కదిలే నేల మీద మనిషి పడిపోకుండా కాళ్ళు ఎడంగా వేస్తాడు, ఊపుకు తగ్గట్టు అడుగు మార్చుకుంటాడు. అలా వేసిన అడుగు వంతెనను అది పోతున్న వైపే నెడుతుంది. ఊపు పెరుగుతుంది, పెరిగిన కొద్దీ మనిషి ఇంకా ఎడంగా అడుగేస్తాడు. అందరి అడుగులూ కలవకముందే, కేవలం ఇలా నిలదొక్కుకునే ప్రయత్నంలోనే వంతెనకు బలం అందుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మా హన్మకొండ పెద్దావిడ ఒక్క ముక్కలో చెప్పింది అదే.

దీన్ని సైనికుల కవాతుతో కలపకూడదు. 1831లో మాంచెస్టర్ దగ్గర బ్రాటన్ వంతెన సైనికులు అడుగు కలిపి నడవడం వల్ల కూలింది. అక్కడ మనుషులు కావాలని అడుగు కలిపారు. ఇక్కడ ఎవ్వరూ కలపలేదు. కాబట్టి ఆడవాళ్ళు గుంపుగా పోయినందుకు ఊగిందని కాలనీలో ఒకరిద్దరు అంటుంటే నేను గట్టిగానే వద్దన్నాను. గుంపుగా పోవడానికే కదా వంతెన.

అరప్ వాళ్ళు చేసిన ఒక పని నాకు ఎప్పటికీ గౌరవంగా గుర్తుంటుంది. ఉత్తరం వైపు స్పాన్ మీద మనుషులను కొద్దికొద్దిగా పెంచుతూ నడిపించి చూశారు. 156 మంది దాకా దాదాపు ఏమీ లేదు. 166 మంది కాగానే ఊపు ఒక్కసారిగా పెరగడం మొదలైంది. అంటే జనాన్ని బట్టి ఊపు మెల్లమెల్లగా పెరగదు. ఒక సంఖ్య దాకా వంతెన నిమ్మళంగా ఉండి, అది దాటగానే తిరగబడుతుంది. అందుకే ఏళ్ళ తరబడి ఏ ఫిర్యాదూ లేని వంతెన ఒక పండుగ రోజున భయపెట్టగలదు. ఆ సంఖ్యను లెక్కించే సూత్రాన్ని కూడా దాచుకోకుండా అందరికీ ప్రచురించారు. నా కేసులో వాడింది ఆ సూత్రాన్నే.

అదే రోజు మధ్యాహ్నం కొలతలు మొదలుపెట్టాను. కాలనీ కుర్రాళ్ళు ముగ్గురిని వంతెన మధ్యలో నిలబెట్టి, కలిసి పక్కకు ఊగమని చెప్పి, ఊపు అందుకోగానే ఆగి రెయిలింగు వదలమన్నాను. ఫోన్‌ను పలక మీద టేపుతో అంటించి కదలికను కొలిచే యాక్సిలరోమీటర్ యాప్ పెట్టాను. తర్వాత మంచి పరికరం తెచ్చి మళ్ళీ కొలిచినా తేడా రాలేదు. 20 సెకన్లలో 17 ఊపులు, అంటే సెకనుకు 0.85. పది ఊపులు తిరిగేసరికి ఊపు వెడల్పు సగానికి పడింది. దాన్నుంచి డ్యాంపింగ్, అంటే ఊపు దానంతట అదే అణిగే గుణం, 1.1 శాతం వస్తుంది.

బతుకమ్మ తలమీద పెట్టుకొని ఎవరూ వడివడిగా నడవరు. సెకనుకు 1.7 అడుగుల దాకా పడతాయి. అందులో సగం 0.85. లెక్క ఇంత సూటిగా కలిసినప్పుడు నాకైతే సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది.

ఇక అరప్ సూత్రం. 8ని, పై (π) విలువ 3.14ని, డ్యాంపింగ్ నిష్పత్తిని, ఫ్రీక్వెన్సీని, ఆ ఊపులో పాల్గొనే బరువును గుణించి 300తో భాగించాలి. రెండు కొసల దగ్గర కదలిక ఉండదు కాబట్టి 24 టన్నుల్లో లెక్కకు వచ్చేది సగం, 12 టన్నులు. 8 × 3.14 × 0.011 × 0.85 × 12000 ÷ 300. జవాబు 9.4. తొమ్మిది మంది! రెండుసార్లు వేసి చూసుకున్నాను. రోజూ ఈ వంతెన మీద ఒకేసారి నలుగురైదుగురికి మించి ఉండరు. స్కూలు పిల్లలు గుంపుగానే పోతారు గానీ వాళ్ళ అడుగు వడి ఎక్కువ, బరువు తక్కువ. అందుకే అన్నాళ్ళూ బయటపడలేదు.

లెక్కను నమ్మి ఊరుకోకూడదు కాబట్టి ఆదివారం పొద్దున, రెండు కొసల దగ్గరా మనుషులను కాపలా పెట్టి, నడిపించి చూశాం. కుర్రాళ్ళు ఎంత చెప్పినా వడిగానే నడుస్తున్నారు. చివరికి ఆ పెద్దావిడే ఖాళీ తాంబాళం తలమీద పెట్టుకొని ముందుకొచ్చింది. "నా ఎనుక నడువుండ్రి, నన్ను దాటకుండ్రి" అంది. ఆరుగురు, ఎనిమిది మంది నడిచినా ఏమీ లేదు. పది మందికి ఫోన్‌లో గీత మెల్లగా పైకి పోవడం కనిపించింది. పన్నెండు మంది రెండోసారి తిరిగి వస్తుంటే నా పాదాలకే తెలిసింది. అక్కడితో ఆపేయించాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. 30 మీటర్ల ఇనుప ట్రస్ వంతెన పక్కకు 0.85 ఫ్రీక్వెన్సీతో ఊగడం ఏమిటి? లండన్ వంతెన సన్నటి కేబుళ్ళ మీద పోతుంది కాబట్టి అది సహజం. ట్రస్‌కు అది సహజం కాదు.

నాలాలో నీళ్ళు తగ్గి ఉన్నాయి, నిచ్చెన వేసుకొని కిందికి దిగాను. తలెత్తి చూస్తే అడ్డ దూలాల మూలల్లో గస్సెట్ ప్లేట్లు, అంటే కడ్డీలను బిగించే ఇనుప పలకలు, కనిపించాయి. ఒక్కో ప్లేటుకు రెండేసి రంధ్రాలు. బోల్టులు లేవు. ఆ ప్లేట్లను కలుపుతూ మూల నుంచి మూలకు పోవాల్సిన యాంగిళ్ళు (L ఆకారపు ఇనుప కడ్డీలు) కూడా లేవు. వంతెన పొడవునా ఒక్క గడిలో కూడా లేవు. ఎవరైనా ఊడదీసి అమ్ముకున్నారేమో అనుకొని టార్చి వేసి దగ్గరగా చూశాను. ఒకసారి బోల్టు బిగించి తీసిన రంధ్రం చుట్టూ వాషర్ గుండ్రంగా రంగును కొరికిన గుర్తు ఉంటుంది. ఇక్కడ ఎర్ర రెడాక్సైడ్, దాని మీద బూడిద రంగు రంధ్రం లోపలి అంచు దాకా చెదరకుండా పారి ఉన్నాయి. ఒక రంధ్రంలో రంగు బొట్టు జారి అలాగే గట్టిపడిపోయింది. అంటే ఆ బోల్టు ఏనాడూ పడలేదు.

కారణం కూడా అక్కడే వేలాడుతోంది. పలకల కింద, రెండు ట్రస్సుల నడుమ, 100 మిల్లీమీటర్ల నీళ్ళ పైపు క్లాంపులతో కట్టి ఉంది. యాంగిళ్ళు పోవాల్సిన చోటునుంచే అది పోతోంది. డ్రాయింగ్ తెప్పించి చూస్తే బ్రేసింగ్, అంటే ఆ ఏటవాలు యాంగిళ్ళ కట్టు, ఉంది, శుభ్రంగా గీసి ఉంది. పైపు మాత్రం డ్రాయింగ్‌లో లేదు. బిగించేటప్పుడు పైపు అడ్డొచ్చింది, పైపు ముఖ్యమనుకున్నారు, యాంగిళ్ళు షాపులోనే ఉండిపోయాయి. పైకి ఎక్కి చూసేవాళ్ళకు ఏ లోటూ కనిపించదు. కట్టినవాళ్ళ మీద నేరం మోపడం ఈ రాత ఉద్దేశం కాదు, వాళ్ళ పేర్లూ అనవసరం. కానీ ఆ బ్రేసింగ్ ఏం చేస్తుందో తెలిసి ఉంటే పైపునే జరిపేవాళ్ళు.

ట్రస్సుల అడుగున పొడవునా పోయే ఇనుప దూలాలు రెండూ నిచ్చెన నిలువు కర్రల్లాంటివి, అడ్డ దూలాలు మెట్లలాంటివి. అలాంటి నిచ్చెనను పక్కకు నెడితే ప్రతి గడీ దీర్ఘచతురస్రం నుంచి ఏటవాలుగా ఒరుగుతుంది. మూల నుంచి మూలకు ఒక్క బద్ద కొడితే ఇక ఒరగదు. మంచం నవారు వదులైతే మంచం ఎలా ఒరుగుతుందో తెలిసినవాళ్ళకు ఇది తెలుసు. పైన ఉన్న కాంక్రీటు పలకలు ఆ పని చేయాల్సింది, కానీ వాటిని దూలాలకు బిగించలేదు, కేవలం పరిచారు. సందుల సిమెంటు ఎప్పుడో పగిలింది. బరువు ఇచ్చాయి తప్ప బిగువు ఇవ్వలేదు. దానికి తోడు ఒక కొసన బేరింగ్ (వంతెన కొస కూర్చునే దిమ్మ) దగ్గర పక్కకు జరగకుండా ఆపే స్టాపర్ కూడా వదులై ఉంది.

మరి బలం మాట? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల కోడ్ ఐ.ఆర్.సి. 6 ప్రకారం ఫుట్ ఓవర్‌బ్రిడ్జిలకు చదరపు మీటరుకు 500 కిలోల లోడ్ పెట్టాలి. మామూలు వంతెన ఫుట్‌పాత్‌కు 400 చాలు గానీ, యాత్రా స్థలాలు, జాతరలు జరిగే ఊళ్ళ దగ్గర దాన్నీ 500కు పెంచమని ఆ కోడ్ చెబుతుంది. మేడారం ఉన్న ప్రాంతంలో పనిచేసే మాకు ఆ వాక్యం కంఠతా వస్తుంది. ఈ వంతెనకు 60 చదరపు మీటర్లకు 30 టన్నులు పెట్టారు, నిలువు బలానికి ఏ ఢోకా లేదు. సద్దుల సాయంత్రం దాని మీద ఉన్నది నాలుగు టన్నుల లోపే. ఎనిమిదో వంతు బరువుకే ఊగిపోయింది. బరువుకు నిలబడే బలం ఒకటి, పక్కకు కదలని బిగువు ఒకటి. మొదటిదాన్ని ఎంత పెంచినా రెండోది దానంతట రాదు. యూరోపియన్ కోడ్‌లో నడక వంతెన పక్క ఊపు ఫ్రీక్వెన్సీ 2.5 హెర్ట్జ్ (సెకనుకు రెండున్నర ఊపులు) కన్నా తక్కువైతే జనం సౌకర్యాన్ని విడిగా లెక్కించి చూపమంటారు. చిన్న పనులకు కూడా నేను అదే గీత పెట్టుకున్నాను.

వంతెన బిగించినాయన నాతో వాదించాడు. "ఇనుము ఊగాలె సార్, ఊగకుంటే విరుగుతది" అన్నాడు. ఈ మాట మన దగ్గర చాలామంది నోట విన్నాను, మంచి పనిమంతుల నోట కూడా. బరువుకు దూలం కొద్దిగా వంగడం వేరు, మనుషుల అడుగులకు తాళం పట్టి పెరుగుతూ పోవడం వేరు. లక్నవరంలో వేలాడే వంతెన ఊగితే అది సరదా, ఊగుతుందని తెలిసే ఎక్కుతాం. బిడ్డను చంకన వేసుకొని రోజూ దాటే వంతెన ఊగితే మాత్రం ఆ మనిషికి దాని మీద నమ్మకం పోతుంది. గుంపులో ఒక్కరు భయపడి పరుగెత్తినా తొక్కిసలాటే.

మరమ్మతు దగ్గర లండన్‌కూ మాకూ దారులు వేరయ్యాయి. అక్కడ నడిమి స్పాన్ ఫ్రీక్వెన్సీ 0.5 నుంచి 1.5కు పెంచాలంటే బిగువు తొమ్మిది రెట్లు కావాలి. అంత ఇనుము కలిపితే వంతెన రూపమే పోతుంది. అందుకని డ్యాంపింగ్ పెంచారు. నూనెలాంటి ద్రవంతో పనిచేసే డ్యాంపర్లు 37, ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లు, అంటే వంతెన ఊపుకు ఎదురు ఊగే బరువులు, యాభైకి పైగా పెట్టారు. ఖర్చు సుమారు 50 లక్షల పౌండ్లు. మాకు డ్యాంపర్లు పెడదామని కాలనీ కమిటీలో ఒక కుర్ర ఇంజనీరు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ వాటిని ట్యూన్ చేయాలి, ఏటా చూసుకోవాలి, కాలనీ వంతెనకు ఆ చూసే మనిషి దొరకడు. పైగా మా ఊపు వంతెన స్వభావంలోంచి వచ్చింది కాదు, లేని యాంగిళ్ళవల్ల వచ్చింది. అవి పెడితే బిగువు పది రెట్లు అవుతుంది, ఫ్రీక్వెన్సీ మూడు రెట్లకు పైన పోతుంది.

పని ఈ వరసలో జరిగింది. ముందు పైపును తీయించి, ట్రస్ బయటి వైపు బ్రాకెట్ల మీదికి మార్పించాం, వరద దిగువకు పోయే వైపు. ఎగువ వైపు పెడితే వరదలో కొట్టుకొచ్చే కొమ్మలు దానికి తగులుతాయి. పది గడుల్లో ఒక్కో గడికి రెండు చొప్పున 75×75×6 యాంగిళ్ళు, మొత్తం ఇరవై. గస్సెట్లతో కలిపినా ఆరు క్వింటాళ్ళు దాటలేదు. 24 టన్నుల వంతెనను నిలబెట్టింది ఆరు క్వింటాళ్ళు. కింది ప్లేట్లలో కొన్ని తుప్పు తిని రంధ్రాలు సాగాయి, వాటిని కోసి కొత్తవి వేశాం. పలకల మూలలకు క్లిప్పులు పెట్టి దూలాలకు బిగించాం. బేరింగ్ దగ్గర స్టాపర్ కొత్తది, రెండు వైపులా. ఈలోగా వంతెనను పూర్తిగా మూయలేదు, కొసల దగ్గర గొట్టాలు పాతి ఒక్కొక్కరే పోయేలా సందు చేశాం. 'ఐదుగురికి మించరాదు' అని బోర్డు పెడితే సరిపోతుందన్నారు గానీ పండుగ నాడు బోర్డును ఎవరూ చదవరు.

పని అయ్యాక మళ్ళీ కొలిచాం. ఈసారి ముగ్గురు కుర్రాళ్ళు ఎంత ఊగినా వంతెన కదల్లేదు. ఇసుక బస్తాను తాడుకు కట్టి పక్కనుంచి కొట్టిస్తే గాని గీత రాలేదు. 2.7 హెర్ట్జ్. మనిషి అడుగు పక్క తోపు ఆ దరిదాపుల్లోకి రాదు. మిలీనియం బ్రిడ్జి మళ్ళీ తెరిచేముందు రెండు వేల మందిని నడిపించి చూశారు. మేము కాలనీలో దొరికిన అరవై మందిని నడిపించాం. తాంబాళంతో ముందు నడిచింది మళ్ళీ ఆ పెద్దావిడే. ఈసారి తాంబాళంలో అంచు దాకా నీళ్ళు పోయించాను.

ఆరు నెలలకు చూడ్డానికి పోతే ఇరవై యాంగిళ్ళలో రెండింటి నట్లు వదులయ్యాయి. మొదటే లాక్ నట్లు వేయించకపోవడం నా తప్పు. అన్నింటికీ వేయించి, ప్రతి నట్టు మీద పసుపు పెయింటుతో ఒక గీత గీయించాను, నట్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. బతుకమ్మ పండుగకు పదిహేను రోజుల ముందు టార్చితో కింది నుంచి ఆ గీతలు చూసి రిజిస్టర్‌లో రాయడం కమిటీలో ఇద్దరికి నేర్పాను.

తర్వాతి సద్దుల సాయంత్రం నేను నాలా ఒడ్డున, వంతెన కిందే నిలబడ్డాను. ఫోన్ పైన పలకకు అంటించి ఉంది. చప్పట్లు, పాటలు దగ్గరకొచ్చి, నా తలమీదుగా వరసగా పాదాల చప్పుడు మొదలైంది. అయిదారు నిమిషాలు పట్టింది అందరూ దాటడానికి. పలకల సందుల్లోంచి రెండు మూడు గునుగు రేకులు రాలి నీళ్ళల్లో పడ్డాయి. తర్వాత పైకి వెళ్ళి ఫోన్ తీసి చూశాను. పక్క ఊపు గీత, ఎవరూ లేనప్పుడు ఎంత ఉందో దాదాపు అంతే ఉంది.